మూటలో సర్దుకున్న ఊరు: కొరియా ఛాయాచిత్రకారుల విదేశీ ప్రస్థానం

సూరత్ నగరంలోని సలాబత్‌పురా వస్త్ర వ్యాపారానికి పేరుపడిన పేట. అక్కడి నుంచి లింబాయత్, ఉధనా ప్రాంతాల వరకు విస్తరించిన మగ్గాల ప్రపంచంలో తెలుగు నేత కుటుంబాలు తరాలుగా జీవనం సాగిస్తున్నాయి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి చేతిమగ్గం విడిచి మరమగ్గం వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు వీరిలో అధికం. పిల్లల చదువు కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలను నిర్వహిస్తోంది. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ మాట్లాడే ఈ కుటుంబాలకు రెండు ప్రశ్నలు సుపరిచితం. విడిచివచ్చిన ఊరిని ఏ రూపంలో వెంట ఉంచుకోవాలి? వచ్చిచేరిన ఊరిని ఏ కళ్లతో చూడాలి?

సరిగ్గా ఇవే ప్రశ్నలను నాలుగు దశాబ్దాలకు పైగా కెమెరాతో వేస్తున్నవారు దక్షిణ కొరియా ఛాయాచిత్రకారులు. వారిలో పలువురు యువ వయసులో దేశం విడిచి జర్మనీకి, అమెరికాకు వెళ్లారు. అక్కడ వృత్తి నేర్చుకున్నారు. కొందరు తిరిగివచ్చారు, మరికొందరు రెండు దేశాల మధ్య జీవితాన్ని పంచుకున్నారు. నేడు ప్రపంచంలోని ప్రధాన మ్యూజియాలలో సమకాలీన కొరియా ఛాయాచిత్రకళకు గౌరవస్థానం దక్కడం వెనుక ఈ రాకపోకల చరిత్ర ఉంది. ఆ చరిత్రకు ప్రతినిధిగా చెప్పుకోదగిన వ్యక్తి కూ బోన్‌చాంగ్.

వాణిజ్య పట్టా నుంచి కెమెరా వరకు

కూ బోన్‌చాంగ్ 1953లో సియోల్ నగరంలో జన్మించారు. అది కొరియా యుద్ధం ముగిసిన సంవత్సరం. దేశం శిథిలాల నుంచి లేచి నిలబడుతున్న ఆ కాలంలో మధ్యతరగతి కుటుంబాలు తమ బిడ్డల నుంచి ఆశించింది స్థిరమైన ఉద్యోగాన్నే. అందుకు తగినట్టుగానే ఆయన యొన్సే విశ్వవిద్యాలయంలో వాణిజ్య నిర్వహణ చదివి, ఒక పెద్ద సంస్థలో ఉద్యోగంలో చేరారు. అయితే ఆ కొలువులో ఎక్కువ కాలం ఇమడలేకపోయారు. 1979లో జర్మనీ చేరుకుని, హాంబర్గ్ నగరంలో ఛాయాచిత్ర రూపకల్పనను అభ్యసించారు. 1985లో పట్టా పుచ్చుకుని స్వదేశానికి తిరిగి వచ్చారు.

ఆనాటి కొరియాలో విదేశాలకు వెళ్లడం నేటివలె సులభం కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. సైనిక నేపథ్యం గల ప్రభుత్వాలు పాలించిన ఆ రోజుల్లో సామాన్య పౌరుడు విహారయాత్ర కోసం పాస్‌పోర్టు పొందడమే కష్టసాధ్యం. చదువుకో, ఉద్యోగానికో, ప్రభుత్వ అనుమతి గల పనికో మాత్రమే సరిహద్దు దాటే వీలుండేది. విదేశీ ప్రయాణాలపై ఆంక్షలు పూర్తిగా తొలగింది 1989లోనే. కాబట్టి 1970, 1980 దశకాల్లో దేశం దాటిన యువ కళాకారులు సంఖ్యలో కొద్దిమందే అయినా, వారు వెంట తెచ్చిన అనుభవం విలువ మాత్రం చాలా పెద్దది.

ఆరేళ్ల తరువాత కూ బోన్‌చాంగ్ చూసిన సియోల్ ఆయన విడిచివెళ్లిన సియోల్ కాదు. 1986 ఆసియా క్రీడలకు, 1988 ఒలింపిక్ క్రీడలకు నగరం ముస్తాబవుతోంది. పాత పేటలు కూలుతున్నాయి, కొత్త భవంతులు లేస్తున్నాయి. సొంత నగరంలోనే పరాయివాడిగా మారిన ఆ మనఃస్థితితో ఆయన వీధుల వెంట తిరుగుతూ తీసిన చిత్రాలు ‘సుదీర్ఘ అపరాహ్నంలో రహస్య అన్వేషణ’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వరుసగా రూపొందాయి. 1985 నుంచి 1990 వరకు సాగిన ఆ వరుసలో ఉత్సవ నగరపు ఆర్భాటం కన్నా, దాని అంచుల్లో కనిపించే ఒంటరితనమే ప్రధానంగా గోచరిస్తుంది. పొట్టకూటికోసం వెళ్లి ఏళ్ల తరువాత సొంతూరికి తిరిగివచ్చి, బస్టాండులో దిగగానే దారి గుర్తుపట్టలేక నిలబడిపోయే మనిషి అనుభవం ఇంతకన్నా భిన్నమైనది కాదు.

అంతకుముందు కొరియా ఛాయాచిత్రం ఎలా ఉండేది?

కూ బోన్‌చాంగ్ చేసిన మార్పు అర్థం కావాలంటే ఆయనకు ముందున్న పరిస్థితిని తెలుసుకోవాలి. 1910 నుంచి 1945 వరకు కొరియా జపాన్ వలస పాలనలో ఉంది. ఆ కాలంలో ఔత్సాహికుల కెమెరా ఎక్కువగా ప్రకృతి దృశ్యాలకు, చిత్రలేఖనాన్ని పోలిన మసక అందాలకు పరిమితమైంది. యుద్ధం ఆ ధోరణిని తుడిచిపెట్టింది. లిమ్ ఉంగ్‌సిక్ 1953లో సియోల్‌లోని మ్యోంగ్‌డాంగ్ ప్రాంతంలో తీసిన ఒక చిత్రం ఈ మలుపుకు గుర్తుగా నిలిచింది. టోపీ కిందికి లాక్కుని, గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక యువకుడు. అతని ఒంటికి కట్టుకున్న పలకపై ఉన్నది ‘పని కావాలి’ అన్న అర్థం గల మాట. యుద్ధానంతర కొరియా దుస్థితిని ఆ ఒక్క చిత్రం తేటతెల్లం చేసింది.

1957లో ‘మానవ కుటుంబం’ పేరిట న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం రూపొందించిన ప్రసిద్ధ ప్రదర్శన సియోల్‌కు వచ్చింది. సామాన్యుల జీవితాన్ని కెమెరా గౌరవప్రదంగా చూపగలదన్న నమ్మకాన్ని అది మరింత బలపరిచింది. 1966లో జు మ్యోంగ్‌డోక్ ఒక అనాథాశ్రమంలోని మిశ్రమ సంతతి పిల్లల చిత్రాలతో ప్రదర్శన ఏర్పాటు చేశారు. వీరిలో పలువురు విదేశీ సైనికులకు, కొరియా స్త్రీలకు పుట్టి, సమాజం పక్కకు నెట్టివేసిన బిడ్డలు. చాలామంది చూసీ చూడనట్టు వదిలేసిన సత్యాన్ని ఆయన గోడలపై వేలాడదీశారు. బుసాన్ నగరంలో చోయ్ మిన్‌షిక్ దశాబ్దాల పాటు కూలీలను, చేపలమ్మే స్త్రీలను, పేద పిల్లలను చిత్రిస్తూ ‘మానవుడు’ అనే పేరుతో వరుసగా పుస్తకాలు వెలువరించారు. దేశ ప్రతిష్ఠకు భంగమన్న అనుమానంతో అధికారులు ఆయనను వేధించిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ విధంగా 1980 దశకం మధ్య వరకు కొరియాలో ఛాయాచిత్రం అంటే ప్రధానంగా సాక్ష్యం. కెమెరా ముందున్న వాస్తవాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడమే దాని ధర్మం. చిత్రకారుడు తన ఊహను, భయాన్ని, జ్ఞాపకాన్ని చిత్రంలోకి చొప్పించడం, కాగితాన్ని కోసి అతికించడం వంటి పనులు ధర్మభంగంగా పరిగణనకు వచ్చేవి.

1988: తలుపు తెరుచుకున్న ఏడు

ఆ కట్టుబాటును ప్రశ్నించిన సందర్భం 1988లో వచ్చింది. విదేశాల్లో చదివి వచ్చిన మరికొందరు యువ ఛాయాచిత్రకారులతో కలిసి కూ బోన్‌చాంగ్ సియోల్‌లోని వాకర్‌హిల్ కళా మ్యూజియంలో ఒక ప్రదర్శన నిర్వహించారు. ‘ఛాయాచిత్రం: కొత్త దృష్టికోణం’ అన్నది దాని శీర్షిక భావం. గీసిన, చింపిన, రంగులద్దిన, నటింపజేసి తీసిన చిత్రాలను కళాఖండాలుగా ప్రేక్షకుల ముందుంచిన ఆ ప్రదర్శనపై వాదోపవాదాలు చెలరేగాయి. ఇది ఛాయాచిత్రమేనా అని కొందరు నిలదీశారు. ఇదే రేపటి ఛాయాచిత్రమని కొందరు స్వాగతించారు. సమకాలీన కొరియా ఛాయాచిత్రకళకు నాందిగా చరిత్రకారులు ఈ ప్రదర్శననే తరచుగా పేర్కొంటారు.

కాలం కూడా అందుకు అనుకూలించింది. 1987 జూన్‌లో జరిగిన ప్రజా ఉద్యమం ఫలితంగా దేశంలో ప్రత్యక్ష అధ్యక్ష ఎన్నికలకు మార్గం సుగమమైంది. మరుసటి ఏడు ఒలింపిక్ క్రీడలు, ఆపై ఏడు విదేశీ ప్రయాణ స్వేచ్ఛ వరుసగా వచ్చాయి. నోరు విప్పే స్వాతంత్ర్యం, ఊరు దాటే స్వాతంత్ర్యం ఒకదాని వెంట ఒకటి లభించిన ఆ మూడేళ్లలోనే ఛాయాచిత్రానికి కూడా సొంత గొంతు దొరికింది.

సూది, దారం, ఛాయాచిత్రం

వస్త్ర నగరవాసులకు ఆసక్తి కలిగించే అంశం కూ బోన్‌చాంగ్ తరువాతి కృషిలో ఉంది. 1990 దశకం తొలి సంవత్సరాల్లో ఆయన ‘ఆదిలో’ అనే పేరుతో ఒక చిత్రమాలికను ప్రారంభించారు. ఛాయాచిత్రాలు ముద్రించే కాగితపు ముక్కలను దారంతో ఒకదానికొకటి కుట్టి, ఒక పెద్ద దుప్పటిలా తయారుచేసి, దానిపై మానవ దేహాన్ని ముద్రించడం ఇందులోని పద్ధతి. దేహంపై అడ్డంగా, నిలువుగా కుట్లు కనిపిస్తాయి. చివర్ల దారపు పోగులు వేలాడుతుంటాయి.

దీనిలోని అంతరార్థం గ్రహించడానికి కళాశాస్త్ర పరిచయం అవసరం లేదు. పాత చీరల ముక్కలతో బొంత కుట్టే ప్రతి ఇంటి ఇల్లాలికీ ఆ భాష తెలుసు. ఒక జీవితం ఒకే తానులోంచి కత్తిరించిన గుడ్డ కాదు. చిన్నతనం ఒకచోట, చదువు ఒకచోట, బతుకుదెరువు మరొకచోట గడిచిన మనిషి తన ముక్కలను తానే కుట్టుకోవాలి. కుట్టు బయటికి కనిపించడం లోపం కాదని, అక్కడే బలముందని ఆ చిత్రాలు చెబుతాయి. మామూలు ఛాయాచిత్రం మీట నొక్కిన క్షణంలో పుడుతుంది. ఈ చిత్రం కుట్టడానికి పట్టిన గంటలను కూడా తనలో దాచుకుంటుంది.

పరదేశంలో ఉన్న పాత్రలు

ఆయనకు అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చినది మాత్రం తెల్లని పింగాణీ పాత్రల చిత్రమాలిక. దాని పుట్టుక వెనుక ఒక పాత ఛాయాచిత్రం ఉంది. ఆస్ట్రియాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ప్రసిద్ధ కుండల కళాకారిణి లూసీ రీ ఒక పెద్ద తెల్లని గుండ్రటి జాడీ పక్కన కూర్చున్న చిత్రాన్ని ఆయన 1989లో చూశారు. ఆ జాడీ కొరియాను 14వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం ఆరంభం వరకు ఏలిన జోసన్ రాజవంశం నాటిది. నిండు చందమామను పోలి ఉండటంతో వాటిని చంద్రకలశాలు అంటారు.

ఆ జాడీ ప్రయాణమే ఒక వలస కథ. బ్రిటన్‌కు చెందిన కుండల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ 1935లో సియోల్‌లో దాన్ని కొన్నారు. అప్పటికి కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లీచ్ దాన్ని భద్రపరచమని లూసీ రీకి అప్పగించారు. 1995లో ఆమె మరణించేవరకు అది ఆమె వద్దే ఉంది. 1999లో బ్రిటిష్ మ్యూజియం దాన్ని సేకరించింది. సొంత నేలపై పుట్టిన ఒక వస్తువు పరాయి దేశంలో, పరాయి వ్యక్తి పక్కన ఒదిగి కూర్చున్న దృశ్యం కూ బోన్‌చాంగ్‌ను కలచివేసింది.

ఆ తలపు చాలా ఏళ్లు ఆయనలోనే ఉండిపోయింది. 2004 నుంచి ఆయన జోసన్ కాలపు తెల్లని పాత్రలను వెతుక్కుంటూ కొరియా, జపాన్, బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా దేశాల మ్యూజియాలకు వెళ్లి చిత్రించసాగారు. ఈ చిత్రాల్లో గాజు పెట్టె కనిపించదు, వస్తువు పేరు తెలిపే చీటీ కనిపించదు. మెత్తని వెలుగులో పాత్ర, బల్ల, వెనుక గోడ ఒకదానిలో ఒకటి కరిగిపోతున్నట్టుంటాయి. పాత్ర అంచున ఉన్న చిన్న పగులు, కాల్చినప్పుడు ఏర్పడిన మచ్చ, వాడకంలో అంటుకున్న మరక మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. వస్తువును అమ్మకానికి చూపే చిత్రంలో మచ్చను దాచిపెడతారు. మనిషి ముఖాన్ని ప్రేమగా చూపే చిత్రంలో మచ్చను ఉంచుతారు. కూ బోన్‌చాంగ్ ఆ పాత్రలను చూసింది మనుషులను చూసినట్టే.

ఇందులో న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా ఇమిడి ఉంది. దేశం దాటిపోయిన వారసత్వ సంపద తిరిగి రావాలా, అక్కడే ఉండాలా అన్న చర్చ భారతదేశానికి కొత్తది కాదు. కోరమాండల్ తీరంలో అద్దకమై ఓడలెక్కిన కలంకారీ వస్త్రాలు నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. వాటిని తయారుచేసినవారి వారసులలో ఎందరో వాటిని కంటితో చూడలేదు. కూ బోన్‌చాంగ్ ఆ వివాదంలో వాదిగా నిలబడలేదు. చెల్లాచెదురైన ఒక కుటుంబంలోని సభ్యులందరినీ వెతికి ఒక్కచోట కూర్చోబెట్టినట్టుగా, వేర్వేరు దేశాల్లోని పాత్రలను ఒకే వెలుగులో, ఒకే గోడపై కలిపారు. వస్తువులు తిరిగి రాకపోయినా వాటి రూపం స్వదేశానికి తిరిగి వచ్చింది. 2010లో అమెరికాలోని ఫిలడెల్ఫియా కళా మ్యూజియం ఈ చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. 2023 డిసెంబరు నుంచి 2024 మార్చి వరకు సియోల్ కళా మ్యూజియంలో ఆయన సమగ్ర కృషిపై పునరావలోకన ప్రదర్శన జరిగింది.

న్యూయార్క్ దారి పట్టినవారు

జర్మనీ ఒక దారి అయితే, అమెరికా మరో దారి. 1970లో పుట్టిన నిక్కీ ఎస్. లీ 1994లో న్యూయార్క్ చేరారు. 1997 నుంచి 2001 వరకు ఆమె చేసిన కృషి ప్రపంచాన్ని ఆకర్షించింది. అమెరికాలోని ఏదో ఒక సమూహాన్ని ఎంచుకోవడం, వారిలా దుస్తులు ధరించడం, వారి మాటతీరును, నడకను అలవరచుకోవడం, తాను కళాకారిణినని చెప్పి వారితో కొంతకాలం కలిసి గడపడం ఆమె పద్ధతి. ఆ తరువాత మామూలు కెమెరాను పక్కనున్నవారి చేతికిచ్చి ఫొటో తీయించుకునేవారు. వృద్ధుల మధ్య వృద్ధురాలిగా, ఉన్నతోద్యోగుల మధ్య ఉద్యోగినిగా, పర్యాటకుల మధ్య పర్యాటకురాలిగా ఆమె కనిపిస్తారు. మీట నొక్కింది ఆమె కాదు, అయినా ఆ చిత్రం ఆమెదే. కొత్త ఊరిలో నెగ్గుకురావడానికి వలసవచ్చిన మనిషి రోజూ వేసే వేషాలనే ఆమె కళగా మలిచారు. యజమాని ముందు ఒక మాట, ఇంటి ఓనరు ముందు ఒక మాట, సొంతవారి ముందు ఒక మాట మాట్లాడే ప్రతి వలసజీవికీ ఈ వేషం అనుభవైకవేద్యం.

యూన్ జోంగ్‌మీ న్యూయార్క్‌లో చదువుకుంటున్న సమయంలో, 2005లో, తన చిన్నారి కుమార్తెకు గులాబీ రంగుపై ఉన్న మక్కువను గమనించి ఒక చిత్రమాలికను ప్రారంభించారు. ఆడపిల్లల గులాబీ రంగు వస్తువులను, మగపిల్లల నీలిరంగు వస్తువులను గది నిండా పరిచి, మధ్యలో ఆ బిడ్డను కూర్చోబెట్టి తీసిన చిత్రాలవి. అమెరికాలోనూ, కొరియాలోనూ గదులు ఒకేలా ఉండటం చూపరులను ఆలోచింపజేస్తుంది. పిల్లల ఇష్టాన్ని నిర్ణయిస్తున్నది పిల్లలా, బజారా అన్న ప్రశ్న ఏ భాషలోనైనా ఒక్కటే.

1961లో పుట్టిన లీ జంగ్‌జిన్ కథ మరో రకం. కొరియాలో కుండల కళను అభ్యసించిన ఆమె న్యూయార్క్‌లో ఛాయాచిత్రకళ చదివి, ప్రఖ్యాత ఛాయాచిత్రకారుడు రాబర్ట్ ఫ్రాంక్ వద్ద సహాయకురాలిగా పనిచేశారు. అమెరికా ఎడారులను చిత్రించడానికి వెళ్లినప్పుడు ఆమె ఎంచుకున్నది కొరియా సంప్రదాయపు చేతితయారీ కాగితం. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసే ఆ కాగితంపై కాంతికి స్పందించే రసాయన ద్రవాన్ని కుంచెతో పూసి, దానిపై చిత్రాన్ని ముద్రించారు. కుంచె జాడలు, కాగితపు పీచు చిత్రంలో భాగమయ్యాయి. దృశ్యం అమెరికాది, దేహం కొరియాది. 2010, 2011 సంవత్సరాలలో ఇజ్రాయెల్, వెస్ట్ బ్యాంక్ ప్రాంతాలలో పనిచేయడానికి వివిధ దేశాల నుంచి ఎంపికైన 12 మంది ఛాయాచిత్రకారులలో ఆమె ఒకరు.

భారత నేలపై కొరియా కెమెరా

ఈ ప్రయాణాలు భారతదేశాన్ని కూడా తాకాయి. 1956లో జన్మించిన అట్టా కిమ్ కాలాన్ని చిత్రించడంలో సుప్రసిద్ధులు. కెమెరా కన్నును 8 గంటల పాటు తెరిచి ఉంచి రద్దీ వీధిని చిత్రిస్తే ఏమవుతుంది? కదలని భవనాలు స్పష్టంగా నిలుస్తాయి. కదిలే మనుషులు, వాహనాలు ఎక్కడా తగినంత సేపు ఆగరు కనుక పలుచని పొగలా మిగులుతారు, లేదా పూర్తిగా మాయమవుతారు. మరో వరుసలో ఆయన ఒక్కో నగరంలో 10,000 చిత్రాలు తీసి, వాటన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చారు. ఆ నగరాలలో ఢిల్లీ ఒకటి. అన్ని రంగులు, అన్ని రూపాలు కలిసిపోయి చివరికి ఒక బూడిదరంగు తెరలా మిగులుతుంది. ఎంతో చూశామనుకున్నప్పుడు ఏమి మిగిలిందన్న తాత్త్విక ప్రశ్న అది. 2006లో న్యూయార్క్‌లోని అంతర్జాతీయ ఛాయాచిత్ర కేంద్రం ఆయన కృషిని ప్రదర్శించింది.

కిమ్‌సూజా ఛాయాచిత్రాలతో పాటు వీడియో, వస్త్రం వంటి పలు మాధ్యమాల్లో పనిచేసే కళాకారిణి. 1957లో కొరియాలోని దేగూలో పుట్టారు. దేగూ కూడా వస్త్ర పరిశ్రమకు పేరుగాంచిన నగరమే. ఆమె కళకు కేంద్రం మూట. కొరియాలో పాత దుప్పటిలో సామాన్లు పెట్టి ముడివేసే మూటను బొత్తారి అంటారు. 1997లో ఆమె అలాంటి మూటలు నింపిన లారీపై కూర్చుని, తాను చిన్నతనం నుంచి నివసించిన ఊళ్ల మీదుగా 11 రోజులు ప్రయాణించారు. ఆ తరువాత 1999 నుంచి 2001 వరకు ‘సూది స్త్రీ’ అనే వీడియో మాలికలో టోక్యో, షాంఘై, ఢిల్లీ, న్యూయార్క్ తదితర 8 నగరాల రద్దీ వీధుల్లో కెమెరాకు వీపు చూపి కదలకుండా నిలబడ్డారు. జనప్రవాహం ఆమెకు ఇరువైపులా పారుతుంది. గుడ్డలోంచి దూరివెళ్లే సూదిలా ఆమె ఆ జనాన్ని ఒకదానితో ఒకటి కుడుతున్నట్టు అనిపిస్తుంది.

ఆమె ‘దారపు దారులు’ అనే అర్థం గల చలనచిత్ర మాలికలో మూడవ భాగాన్ని గుజరాత్‌లో చిత్రించారు. పెరూ, ఐరోపా, చైనా దేశాల నేత, అల్లిక సంప్రదాయాలతో పాటు గుజరాత్ అద్దకం, కుట్టుపనులు అందులో చోటు చేసుకున్నాయి. మాటలు, వ్యాఖ్యానం లేని ఆ చిత్రంలో చేతులే కథ చెబుతాయి. మగ్గం వద్ద గడిచిన ఒక రోజును ఎవరైనా ఇంత ఓపికగా చూడదగినదిగా భావించారన్నది నేత పనివారికి ఊరటనిచ్చే విషయం.

గుర్తింపు వెనుక ఉన్న వ్యవస్థ

వ్యక్తుల ప్రతిభ ఒక్కటే దేశపు కళను నిలబెట్టదు. కొరియాలో విశ్వవిద్యాలయాలు ఛాయాచిత్రకళా విభాగాలను ఏర్పాటు చేశాయి. సియోల్‌లో ఛాయాచిత్రాలకే అంకితమైన ప్రైవేటు మ్యూజియం 2000 దశకం ఆరంభంలో మొదలైంది. 2006లో దేగూ నగరంలో ప్రతి రెండేళ్లకు జరిగే ఛాయాచిత్ర ఉత్సవం ప్రారంభమైంది. 2009లో అమెరికాలోని హ్యూస్టన్ లలితకళల మ్యూజియం సమకాలీన కొరియా ఛాయాచిత్రకళపై విస్తృత ప్రదర్శన ఏర్పాటు చేసింది. 2025 మే నెలలో సియోల్ నగరపాలన ఆధ్వర్యంలో ఛాయాచిత్రాలకు ప్రత్యేకించిన ప్రభుత్వ మ్యూజియం తలుపులు తెరిచింది. విదేశాల నుంచి తిరిగివచ్చినవారికి పాఠం చెప్పే చోటు, ప్రదర్శించే చోటు, భద్రపరిచే చోటు స్వదేశంలోనే దొరకడం ఈ విజయానికి మూలకారణం.

అయితే ఈ గుర్తింపులో ఒక చిక్కు కూడా లేకపోలేదు. పాశ్చాత్య మ్యూజియాలు కొరియా చిత్రంలో కొరియాతనాన్నే వెతుకుతాయన్న విమర్శ ఉంది. పింగాణీ పాత్ర, చేతితయారీ కాగితం, బే బ్యోంగ్‌ఊ చిత్రించిన పైన్ చెట్ల వనం వంటివి విదేశీ కంటికి సులువుగా ఆనతాయి. బుసాన్ చేపల బజారులోని పేదరికం అంత సులువుగా ఆనదు. పరాయివారు మెచ్చే స్వదేశాన్ని చూపడమా, స్వదేశీయులకు అవసరమైన సత్యాన్ని చూపడమా అన్న ఈ సందిగ్ధం ప్రతి దేశపు కళాకారుడికీ ఉంటుంది.

దీనికి సమాధానంగా కిమ్ గిచాన్ కృషిని గుర్తుచేసుకోవచ్చు. 1938లో పుట్టి 2005లో కన్నుమూసిన ఆయన కీర్తి కోసం ఏ దేశానికీ వలసపోలేదు. సియోల్‌లోని జుంగ్నిమ్‌డాంగ్ పరిసరాల సందుల్లో దాదాపు 30 ఏళ్లు తిరిగారు. అరుగులపై కబుర్లు చెప్పుకునే ముసలమ్మలు, చంటిబిడ్డను వీపున మోసే అక్కలు, గచ్చుపై బోర్లాపడి చదువుకునే పిల్లలు ఆయన చిత్రాల్లో కనిపిస్తారు. ఆ పిల్లలు పెద్దవారయ్యాక మళ్లీ వారిని వెతికి చిత్రించారు. ఆ సందులు పునరభివృద్ధిలో కనుమరుగయ్యాయి. నేడు వాటి ఆనవాలు ఆయన చిత్రాలలోనే మిగిలింది. దూరం వెళ్లి తెచ్చిన చూపు ఎంత విలువైనదో, కదలకుండా ఒకేచోట నిలిపిన చూపు కూడా అంతే విలువైనదని ఆయన జీవితం నిరూపించింది.

తెలుగువారికి ఇందులో ఏముంది?

సొంతూరు విడిచి మరోచోట కెమెరాతో కీర్తి గడించిన వ్యక్తి తెలుగు నేల చరిత్రలోనూ ఉన్నారు. మీరట్ సమీపంలోని సర్ధానాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ ఇందౌర్ మీదుగా హైదరాబాద్ చేరి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో మహిళ నిర్వహణలో ప్రత్యేక స్టూడియో తెరిచారు. ఆయన చిత్రాలు లేకుంటే నాటి హైదరాబాద్ రూపురేఖలు నేటి తరానికి ఇంత స్పష్టంగా తెలిసేవి కావు. ప్రస్తుతం హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఛాయాచిత్రకళలో పట్టా కోర్సు ఉంది. 2015 నుంచి నగరంలో అంతర్జాతీయ ఛాయాచిత్రోత్సవం కూడా జరుగుతోంది.

కాని దీన్‌దయాళ్ కెమెరా ఎక్కువగా చూసింది ప్రాసాదాలను, ప్రభువులను. మరమగ్గాల మధ్య పెరిగిన వలస కుటుంబాల చిత్రచరిత్ర ఆస్థానాలలో దొరకదు. అది ఇళ్లలోని ఇనుప పెట్టెల్లో, పెళ్లి ఆల్బమ్‌లలో, పాత రేషన్ కార్డుల మధ్య, పేట స్టూడియోల నెగెటివ్‌లలో ఉంటుంది. కాలం దాన్ని నిర్దయగా తినేస్తుంది. 2006 ఆగస్టులో తాపీ నది వరద సూరత్‌లో అత్యధిక భాగాన్ని ముంచెత్తింది. వరద నీరు చొచ్చుకువచ్చిన ఇంట్లో బియ్యం మళ్లీ కొనుక్కోవచ్చు, మగ్గం బాగుచేయించుకోవచ్చు. నీటిలో నానిన ఫొటో కాగితంపై ఉండే జిగురు పొర కరిగి, చిత్రాలు ఒకదానికొకటి అతుక్కుపోతే తాత ముఖం మళ్లీ రాదు.

ఆ చరిత్రను కాపాడుకోవడం ఖర్చుతో కూడిన పని కాదు. పాత చిత్రం వెనుక మెత్తని పెన్సిల్‌తో పేరు, ఊరు, సంవత్సరం రాసిపెట్టుకోవడం మొదటి మెట్టు. చిత్రాలను నేలకు దూరంగా, తేమ తగలని చోట, ప్లాస్టిక్ సంచికి బదులు కాగితపు కవరులో ఉంచడం రెండవది. సెల్‌ఫోన్‌తోనైనా సరే, పగటి వెలుగులో, నీడ పడకుండా నకలు తీసి, కనీసం రెండు చోట్ల దాచుకోవడం మూడవది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంటి పెద్దలు ఉండగానే వారిని పక్కన కూర్చోబెట్టుకుని, చిత్రంలో ఉన్నది ఎవరో, ఏ ఊరి నుంచి ఏ రైలెక్కి ఎందుకు వచ్చారో చెప్పించుకుని రికార్డు చేయడం. పేరు తెలియని ముఖం రెండు తరాల తరువాత ఎవరికీ చెందదు. పాఠశాలలు, కుల సంఘాలు, గ్రంథాలయాలు తలచుకుంటే ఇటువంటి చిత్రాలను పేటలవారీగా సేకరించడం కూడా అసాధ్యం కాదు.

లిమ్ ఉంగ్‌సిక్ చిత్రంలోని యువకుడికి తన బొమ్మ దేశ చరిత్ర అవుతుందని ఆనాడు తెలియదు. కిమ్ గిచాన్ చిత్రించిన సందులోని పిల్లలకూ తెలియదు. వారి పక్కన ఎవరో ఒకరు కెమెరాతో నిలబడ్డారు కనుకనే అది సాధ్యమైంది. సలాబత్‌పురాలో మూటలు మోసే మనిషిని, లింబాయత్‌లో రాత్రి పాళీకి బయలుదేరే నేతగాడిని, సూరత్‌లో పుట్టి తెలుగు పాఠశాలలో తొలి అక్షరం దిద్దే బిడ్డను అంత ఓపికగా చూడవలసిన కన్ను ఆ పేటలోనే ఎక్కడో పెరుగుతూ ఉండవచ్చు. దానికి అవసరమైన పరికరం ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ, ప్రతి జేబులోనూ ఉంది.